చెల్లి కారుకి ఆర్నెల్ల వ్యాక్స్

ప్రియమైన పిచ్చుకకి,

చెప్పేది అన్నయ్య, రాసేది మీ వదిన. కుడిచెయ్యి ఇంకా నా మాట వినడం లేదు. ఫోన్ ఎత్తడం లేదని కోప్పడ్డావట. ఈ పక్షవాతం వచ్చాక మాట ముద్దగా వస్తోందే. ఎదురుగా ఉంటే మీ వదినకి అర్థమవుతుంది, ఫోన్లో అయితే నాకే అర్థం కాదు. అందుకే ఉత్తరం.

ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఆ ఇనప కుర్చీలోనే కూర్చుని నిద్రపోయావు. అది నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను.

ఇక షెడ్డు సంగతి. ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి కార్లకో వ్యాక్స్ పట్టి మెరిపించిన చెయ్యి, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేకపోతోంది. పక్కన టైర్ల దుకాణం ఆయన షెడ్డు తనకిచ్చేయమంటున్నాడు. ఆర్నెల్లలో చెప్తానన్నాను. చెప్పేదేముంది, ఇచ్చేస్తాను.

మీ అన్నయ్య

(ఇది వదిన మాట. డాక్టరు రోజుకో గంట మెత్తటి బంతి పిసకమన్నాడు. "నేనేమన్నా పసిపిల్లాడినా" అని దాన్ని బీరువా మీదకి విసిరేశారు. ఎడంచేత్తో అయినా గురి బాగానే కుదిరింది. వాడకపోతే చెయ్యి అలాగే బిగుసుకుపోతుందట, తిరిగి రావాల్సిందేదో ఈ ఆర్నెల్లలోనే ఎక్కువగా వస్తుందట. ఎవరు చెప్పినా వినరు. నాకు భయంగా ఉంది.)

*

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం షాపుకే వచ్చింది. అప్పుడే ఒకాయన కళ్ళద్దాలకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గోడమీది అక్షరాలు చదవమని చెప్పి, నేను ఉత్తరం చదువుకుంటూ కూర్చున్నాను. పాపం ఆయన ఆ అక్షరాలు మూడుసార్లు చదివాడు.

షెడ్డు గురించి తర్వాత పోట్లాడుకుందాం. ఇప్పుడొక సలహా కావాలి. మా నీలంకారు రోజంతా షాపు ముందు ఎండలోనే ఉంటోంది. సిరామిక్ కోటింగ్ వేయించుకోమని ఒకరు, వ్యాక్స్ చాలని మీ బావగారు. నా బుర్ర తిరిగిపోతోంది. ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా అడగడం ఎందుకని నిన్నడుగుతున్నాను. ఏది మంచిది? వివరంగా చెప్పు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నా పొట్ట కొట్టుకునే మాటే అయినా నిజం చెప్తా. నీకు కోటింగే మంచిది.

వ్యాక్స్ అంటే మైనం. చేత్తో పడితే రంగుకి లోతొస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఎండకి కరుగుతుంది, సబ్బుకి పోతుంది. నెలా రెండు నెలలకోసారి మళ్ళీ పట్టాల్సిందే. కోటింగ్ అలా కాదు. ద్రవంలా రాస్తారు, రంగు మీద గాజులా గట్టిపడుతుంది. సరిగ్గా వేస్తే రెండు మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు. నీళ్ళు నిలవవు, మురికి పట్టదు. అయితే ఒకటి, వేసేముందు కారుని అద్దంలా చెయ్యాలి. కింద గీత ఉంటే గీతతో సహా గట్టిపడుతుంది. ఎక్కువైన ద్రవాన్ని వెంటనే తుడవకపోతే మచ్చ కట్టేస్తుంది. అందుకని తొందరపడేవాడి చేతికి మాత్రం ఇవ్వకు.

నీకు షాపుతోనే సరిపోతుంది. నెలనెలా వ్యాక్స్ పెట్టుకునే తీరికెక్కడిది? కోటింగ్ వేయించుకో.

మీ అన్నయ్య

(జబ్బు చేసినప్పట్నుంచీ ఆయన ఒక్క గుక్కలో ఇంత మాట్లాడటం ఇదే. నా చెయ్యి నొప్పెట్టింది. ఎంత నొప్పో అంత సంతోషం. ఇలాంటివి ఇంకా ఏమైనా ఉంటే అడుగు తల్లీ.)

*

ప్రియమైన అన్నయ్యా,

నీ సలహాకి వెయ్యి దండాలు. కానీ నాకు వ్యాక్సే కావాలి, అదీ నువ్వు పట్టిందే కావాలి. మెషీనొద్దు, నీ కుడిచేత్తోనే పట్టాలి. వచ్చే ఆదివారం మీ బావగారు సరుకు కోసం మీ ఊరొస్తున్నారు. పొద్దున్నే కారు నీ షెడ్డులో పెట్టి, సాయంత్రం తీసుకెళ్తారు. ఇక ప్రతి నెలా ఇంతే. కాదంటే కారు అక్కడే వదిలేసి రమ్మన్నాను. నీ ఇష్టం.

నీ పిచ్చుక

వదినా, ఈ కింది ముక్క ఆయనకి చదివి వినిపించకు. బంతి పిసకని మనిషి బానెట్టు రుద్దకుండా ఉండలేడు, నాకు తెలుసు. మురికికారు కళ్ళముందుంటే అన్నయ్యకి అన్నం సహించదు. నేను మాత్రం రాను. చిన్నప్పట్నుంచీ నా మొహం చూస్తే చాలు, అబద్ధం పట్టేస్తాడు.

*

పిచ్చుకా,

ప్రియమైన అని రాయమంటోంది మీ వదిన. ఈసారి రాయను.

మూడు గంటలు. మూడు గంటలు పట్టింది సగం బానెట్టుకి! వేళ్ళు తెరుచుకోకపోతే మీ వదిన స్పాంజిని నా అరచేతికి గుడ్డపీలికతో కట్టింది. కుడిచేతిని ఎడంచేత్తో తోసుకుంటూ తిప్పాను. చిన్నచిన్న చుట్లు రావాల్సింది, అడ్డదిడ్డంగా పోయింది. ఎవరైనా చూస్తే పరువు పోతుందని షట్టరు సగం దించుకున్నాను. మిగతా సగం బానెట్టు అలాగే ఉంది. బావ ఆ సగం మెరిసే కారే వేసుకుని నవ్వుతూ వెళ్ళాడు. ఆయన మంచితనం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ పంపకు.

మీ అన్నయ్య

(మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నిన్న పొద్దున లేచి చూస్తే, కుర్చీ ఎక్కి బీరువా మీది బంతి దించుకుంటున్నారు. మిగతా సగం అలా వదిలేస్తే నిద్ర పట్టదట. పంపు.)

*

ప్రియమైన అన్నయ్యా,

పంపుతున్నాను. సగం బానెట్టు చూసి షాపుకొచ్చే ప్రతివాళ్ళూ ఇదేం ఫ్యాషనండీ అని అడుగుతున్నారు. మా అన్నయ్య చేతిపని, మిగతాది వచ్చే నెల అని చెప్తున్నాను. ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పినా నమ్మవు.

రమ్మంటున్నావట. షాపులో మనుషుల్లేరు అన్నయ్యా. తప్పకుండా వస్తాలే.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

ఐదో నెల. బానెట్టు మొత్తం, పైకప్పు, ఎడమవైపు తలుపులు రెండూ. స్పాంజి కట్టకుండానే పట్టుకున్నాను. రెండుసార్లు జారి పడింది. మీ వదిన పక్కన కూర్చుని లెక్కపెట్టింది, నాకేదో పరీక్ష పెట్టినట్టు.

కానీ చెయ్యి కదలడం వేరు, పనికి రావడం వేరు. మా పనిలో కన్ను చూడలేనిది వేలు చెప్పాలి. వ్యాక్స్ ఎక్కడ ఎక్కువైందో, రంగు ఎక్కడ గరుగ్గా ఉందో వేలికొసకి తెలియాలి. నా వేళ్ళు మొద్దులే. వేడినీళ్ళలో పెట్టినా తెలియడం లేదు. తెలియని చేత్తో ఒకరి కారు ముట్టుకుంటే అది మోసం. అందుకే టైర్లాయనతో ఈ నెలాఖరుకి మాట ఇచ్చేద్దామనుకుంటున్నా.

నువ్వు బాధపడకు. నువ్వు చేసింది తక్కువ కాదు.

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

ఇచ్చేయకు. ఇంకేం రాయాలో తెలియడం లేదు. నాన్న పోయాక ఆ షెడ్డులో వ్యాక్స్ డబ్బాల మధ్య కూర్చునే నేను చదువుకున్నాను. నువ్వు రుద్దిన కార్లతోనే నా ఫీజులు కట్టావు. ఎప్పుడూ ఒక్కమాట కూడా అనలేదు. నీకు నేనిచ్చింది ఏముంది? నెలకోసారి ఒక మురికికారు! ఇంకొక్క నెల ఆగు. ఒక్కటంటే ఒక్క నెల. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

ఈ కోడిగీతలు నావే. మీ వదిన పక్కన లేదు, వంటింట్లో ఉంది. ఒక పేజీకి పొద్దున్నుంచీ కూర్చున్నాను.

ముందు నీ దొంగతనం సంగతి. నీ కారుకి సిరామిక్ కోటింగ్ ఎప్పుడో వేసి ఉంది. అవునా? మొదటి ఆదివారమే తెలిసింది. బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే ఒక్క చుక్క నిలవలేదు, తామరాకు మీంచి జారినట్టు జారిపోయాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తాతకి దగ్గులు నేర్పినట్టు, కోటింగ్ వేయాలా వ్యాక్స్ పట్టాలా అన్నయ్యా అని నన్నే అడిగావు. నా చెవిలో ఇంత పెద్ద పువ్వు పెట్టావు కదే! కోటింగ్ మీద వ్యాక్స్ పట్టడమంటే గొడుగు మీద గొడుగు వేసుకోవడం. కారుకి కాణీ ఉపయోగం లేదు. నా షెడ్డు ఉండగా వేరేచోట వేయించానని నాకు చెప్పలేకపోయి ఉంటావు. ఎక్కడ వేయించావో అడగను. నాకు కోపం లేదు.

కారు కోసం కాదని తెలిసీ ఆర్నెల్లు ఎందుకు రుద్దానంటావా? నా కోసం అబద్ధమాడే మనిషి ఒకరున్నారు కదా, ఆ అబద్ధాన్ని నిలబెడదామని. అంతే.

ఇప్పుడు అసలు మాట. మొన్న ఆదివారం డ్రైవరు వైపు తలుపు తుడుస్తున్నాను. పిడికి కిందగా, అంచు దగ్గర, కుడిచేతి చూపుడువేలు టక్కున ఆగింది. ఏదో తగిలింది. కళ్ళకి కనబడలేదు. వెనక్కి వెళ్ళి వేలితో మళ్ళీ తడిమాను. మళ్ళీ తగిలింది. కోటింగ్ వేసినవాడు తొందరపడి తుడవకుండా వదిలేసిన మచ్చ. వెంట్రుక మందం కూడా ఉండదు. నా వేలికి తెలిసిందే పిచ్చుకా! తెలిసింది! మీ వదినని పిలిచి తడిమి చూడమంటే తనకేమీ తెలియలేదట. నాకు తెలిసింది. ఇద్దరం ఆ తలుపు పక్కనే నేలమీద కూలబడి ఏడ్చాం. బావ వచ్చి కారుకి ఏమైందోనని కంగారుపడ్డాడు.

ఆ మచ్చ అరగదీశాను. ఇప్పుడు వెతికినా దొరకదు. మచ్చ వదిలేసినవాడు నాకు కనిపిస్తే తిట్టను, చేతులు పట్టుకుని దండం పెడతాను. పని మాత్రం వాడికంటే నేనే బాగా చేస్తాను. కోటింగ్ కూడా నేర్చుకుంటున్నాను. పేరున్న చోట పదిరోజులు నేర్పుతారట, చేరాను. అందరికంటే పెద్దవాణ్ణి నేనే.

టైర్లాయనకి లేదని చెప్పేశాను. ఆయన కూడా సంతోషించాడు, తన పాతకారుకి మొదటి వ్యాక్స్ నాదే కావాలన్నాడు.

నీకేమిచ్చానని అడిగావు. ఇంత చదువుకుని ఈ లెక్కేమిటే? నా చెయ్యి నాకు తెచ్చి ఇచ్చావు. మీ వదినకి మొగుణ్ణి ఇచ్చావు. దీనికి మాట సరిపోదు, ఉన్న ఒక్క మాటా చెప్తున్నాను. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ.

వచ్చే ఆదివారం కారు పంపొద్దు. ఆర్నెల్లయింది నిన్ను చూసి. బావని కారు వేసుకుని ఎక్కడికైనా వెళ్ళమను. నువ్వు బస్సెక్కి రా. దాచడానికి నీ దగ్గర అబద్ధాలేమీ మిగల్లేదు కాబట్టి మొహం చూపించవచ్చు.

నీ అన్నయ్య