బస్సు సీలింగుకు ఆరో లైటు

ఏమయ్యా, ఎట్లున్నావు?

నువ్వు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదంటే కోపం వల్లేనని నువ్వే అనుకుని ఉంటావు. నిజమే, కోపమే. చెప్పాపెట్టకుండా పోయిన మనిషి మీద కోపం రాక ఇంకేం వస్తుంది?

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ నెలాఖరుకు నా రిటైర్మెంట్. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మన సరిత మంచిర్యాలకు వచ్చెయ్యమంటోంది, పై గదికి సున్నం కూడా వేయించింది. అల్లుడు మంచివాడే, నేను వస్తే కాదనడు. మొన్నటిదాకా తేలనిది ఒక్కటే… నీ బస్సు సంగతి.

క్వార్టర్ పక్కన నువ్వు ఆపిన చోటే ఉంది. పసుపు రంగు వెలిసిపోయింది. ఎండ ఎక్కితే కోళ్ళన్నీ దాని కిందికే చేరుతున్నాయి. ఈ మధ్య జైపూర్ నుంచి ఒకాయన వచ్చి చూసిపోయాడు. పవర్ ప్లాంటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంటాడట. వానలు ముదరకముందే ఇచ్చెయ్యమ్మా అని సరిత. సరేనన్నాను. మళ్ళీ ఆదివారం వస్తానన్నాడు.

కానీ సీలింగు నిండా తీగలు వేలాడుతున్న బస్సును ఎలా అప్పగించను? అమ్మేదైనా పద్ధతిగా అమ్మాలి కదా. లైట్లు పెట్టించి ఇద్దామనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న కారణం అదే.

ఆ బస్సు ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? నువ్వు రిటైరైన నెలలోనే ఎక్కడో వేలంలో పాత స్కూలు బస్సు పాడి, నాకు మాటైనా చెప్పకుండా వాకిట్లోకి తెచ్చి హారన్ కొట్టావు. మూడు రోజులు నీతో మాట్లాడలేదు. నాలుగో రోజు చాయ్ ఇస్తూ ఇదేం పిచ్చి అని అడిగాను. “ముప్పై ఏడేండ్లు భూమి లోపట నడిచిన. ఇగ భూమి మీద తిరుగుత. నువ్వు వస్తెనే తిరుగుత, లేకుంటె దీన్ల కోళ్ళను పెంచుకో” అన్నావు. నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోవాల్సి వచ్చింది.

గోదావరి పక్కనే పుట్టి పెరిగి, అది ఎక్కడి నుంచి వస్తుందో చూడలేదని నీ బాధ. నా రిటైర్మెంట్ కాగానే ఒడ్డు పట్టుకుని త్రయంబకం దాకా పోదామన్నావు. సీట్లన్నీ పీకేశావు. మంచం, వంట గట్టు, నీళ్ళ ట్యాంకు, కిటికీలకు తెరలు… అన్నీ నీ చేత్తోనే. సీలింగుకు ప్లైవుడ్ కొట్టి, ఆరు రంధ్రాలు కోసి, ఆరింటికీ తీగలు దించావు. పని అక్కడ ఆగింది. ఆపింది నేనే.

ఫ్యాన్‌కు ఉన్నట్టు లైట్లకూ రెగ్యులేటర్ ఉండాలని నువ్వు. “తక్కువ చేసుకునేటట్టు ఉండాలె, ఎక్కువ చేసుకునేటట్టు ఉండాలె” అని పది సార్లు అన్నావు. తెల్లగా, ధగధగా ఉండాలని నేను. ముప్పై ఐదేళ్ళుగా ల్యాంపు రూములో ఉన్నదాన్ని. బొగ్గు బాయిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం చార్జింగ్ పెట్టి ఇచ్చేది నేను. నాకే లైట్ల గురించి చెప్తావా అని లేచాను. “వెలుగు ఎక్కువైతె గూడ కనవడదే” అన్నావు. పిసినారితనానికి ఇన్ని మాటలెందుకు, నీకేం తెలుసు లైట్ల సంగతి అన్నాను.

ఆ తగువైన నాలుగో రోజు పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టి ఛాతీ పట్టుకున్నావు. దవాఖానకు తీసుకుపోయేలోపే…

ఆ నాలుగు రోజుల్లో మనం ఎన్ని మాట్లాడుకుని ఉంటాం? కూర గురించి, కరెంటు బిల్లు గురించి, సరిత గురించి. ఒక్కటీ గుర్తు లేదు. నేనన్న ఆ మాటే గుర్తుంది.

సరే, విను. చౌరస్తాలో మన రహీం భాయ్ ఎలక్ట్రికల్ కొట్టుకు పోయాను. లైట్లు పరిచాడు. ఒక్కోటి వెలిగించి చేతిలో పట్టుకుని ఎదురు గోడ మీదికి కొట్టి చూశాను, ఎంత తెల్లగా ఎంత దూరం పడుతుందోనని. ల్యాంపు రూములో మాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. ఇది నెత్తిన పెట్టుకునేది కాదక్కా, సీలింగుకు పెట్టేది అని నవ్వాడు. బస్సు బ్యాటరీ ఎన్ని వోల్టులని అడిగాడు. నీ దోస్తు మల్లేశన్నకు ఫోన్ చేస్తే ఇరవై నాలుగు అని చెప్పాడు. ఉన్నవాటిలో తెల్లనివి, ఉన్నవాటిలో చవకవి ఆరు తెచ్చాను. నిజం చెప్తున్నా, గెలిచినట్టే ఇంటికొచ్చాను.

మల్లేశన్నే వచ్చి బిగించాడు. నీ జంట మనిషి కదా, బాయిలో నీతో ఇరవై ఏళ్ళకు పైనే చేశాడు. తను పైన ఓపెన్ కాస్టు గనిలో డంపర్ నడపడానికి పోయాకే మీ షిఫ్టులు విడిపోయాయి. రెండు బిగించి చూద్దామన్నాడు. మబ్బు పట్టిన మధ్యాహ్నం, బస్సులో మసకగా ఉంది. స్విచ్ వేశాను.

వేసీ వెయ్యగానే ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయాడు. ఏమైందో నాకు అర్థం కాలేదు. ఆ సీలింగు నా చేతికి అందేంత ఎత్తే, వెలుగు సూటిగా కళ్ళలోకే వస్తోంది. అయినా బాగానే ఉందనుకున్నాను. మొండిదాన్ని కదా.

బయట మెట్టు మీద కూర్చుని చెప్పాడు. లోపల నలుగురు కూర్చుని అన్నం తింటుంటే ఎవరి దీపం వాళ్ళ గిన్నె మీదో, కాళ్ళ దగ్గరో ఉంటుందట. ఎదుటివాడితో మాట్లాడాలంటే తల వంచి, దీపం పక్కకు తిప్పి మాట్లాడాలట. ముఖాన కొడితే చెయ్యి చేసుకున్నట్టే లెక్కట. ఎందుకంటే కళ్ళలో పడితే కాసేపు ఏమీ కనపడదు, పైనుంచి బండ ఊడుతున్నా కనపడదు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదన్నాడు. వాడికీ అంతే వదినా, అందుకే రెగ్యులేటర్ కావాలన్నాడు అన్నాడు.

నాకు ఒక్కసారిగా మన పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా టార్చి నా కాళ్ళ మీదికే కొట్టేవాడివి. ముఖం మీదికి ఒక్కసారీ కొట్టలేదు. నా ముఖం చూడటం ఇష్టం లేదేమోనని నెల రోజులు లోపల్లోపల ఏడ్చాను. చివరికి అడిగితే “నిన్ను జూడనీకె గంత లైటెందుకే?” అన్నావు. సరసం అనుకుని మురిసిపోయాను. అది మర్యాద అని ఎందుకు చెప్పలేదయ్యా?

మా బాపు ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాక, ఆయన బదులు ల్యాంపు రూములో ఈ ఉద్యోగం నాకొచ్చింది. కొత్తగా చేరిన నాతో, దీపం డల్లుగా ఉందని రోజూ ల్యాంపు రూము కిటికీ దగ్గర తగువు పెట్టుకునేవాడివి. దానికి ఏ రోగమూ లేదని పెళ్ళయ్యాక ఒప్పుకున్నావు, దొంగవి. కానీ చూడు… ఇన్నేళ్ళు కిటికీ లోపలి నుంచి దీపాలు ఇచ్చాను, తీసుకున్నాను. మీరు వాటిని కింద ఎలా మోస్తారో ఒక్కసారైనా అడగలేదు. నువ్వు ఇంటికొచ్చి బొగ్గు గురించి చెప్పావు, బండల గురించి చెప్పావు, యూనియన్ల గురించి చెప్పావు. ఇది మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అనిపించలేదా?

మర్నాడే లైట్లు పట్టుకుని రహీం భాయ్ దగ్గరికి పోయాను. ముఖం చిట్లించాడు, అయినా మార్చాడు. మామూలు లైట్లకు రెగ్యులేటర్ పెడితే రెపరెపలాడతాయట, దానికని చేసినవే తీసుకోవాలట. ఫోనుతో నడిచేవి, రిమోట్‌తో నడిచేవి కూడా చూపించాడు. అవి వద్దన్నాను, చేత్తో తిప్పేది చాలు. బల్లపరుపుగా, గుండ్రంగా, కొంచెం పసుపు వెలుగు ఇచ్చేవి ఆరు తీసుకున్నాను. పొయ్యి పైన ఉన్న అర కింద మాత్రం తెల్లది ఒకటి విడిగా పెట్టించాను. కూరలో ఏం పడిందో కనపడాలి కదా? అక్కడ నీ మాట చెల్లదు.

మల్లేశన్న ఐదు బిగించాడు. ఆరోది మంచం మీద, నీ వైపుది. దాని దగ్గరికి రాగానే ఇవాళ్టికి చాలన్నాను. నా ముఖం చూసి, సామాన్లు సర్దుకుని పోయాడు. ఆ తీగలు అలాగే వేలాడాయి. రోజూ డ్యూటీ నుంచి వచ్చి చూడటం, తలుపు వేసి ఇంట్లోకి రావడం. ఎందుకలా చేస్తున్నానో నాకే తెలియలేదు.

ఆదివారం జైపూర్ ఆయన వచ్చాడు. లోపలికి ఎక్కి రెగ్యులేటర్ అటూ ఇటూ తిప్పి సంబరపడ్డాడు. మంచం దగ్గర ఆగి, ఇదొక్కటే మిగిలిందా, ఏం ఫికర్ లేదు, మా మనిషి వచ్చి పెట్టేస్తాడు అన్నాడు.

మా మనిషి… ఆ మాట వినగానే పోయి ఆ తీగలను చేత్తో పట్టుకున్నాను. అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క లైటు నీ కోసం ఆపాను నేను. నువ్వు వచ్చి పెడతావని. పదకొండు నెలలుగా ఈ బస్సును నేను ముట్టుకోనిది అందుకే. పని మిగిలి ఉంటే ఆ మనిషి రావాల్సి ఉంటుంది కదా అని… పిచ్చిదాన్ని. నువ్వు రావు.

బస్సు అమ్మనని చెప్పేశాను. రెండుసార్లు తిప్పుకున్నావమ్మా అని ఆయన విసుక్కున్నాడు, తప్పు నాదే, చాయ్ ఇచ్చి పంపాను. సరిత ఫోన్‌లో అరిచింది. అరిచి అరిచి, తర్వాత తనే ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి బస్సు ఎక్కాను. తెరలు మూసి, మంచం మీద నిలబడి, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి ముడేశాను. టేపు చుట్టి లైటు పైకి నొక్కాను. పది నిమిషాల పని. అయిపోయాక నీ వైపు కూర్చుని గట్టిగా ఏడ్చాను. నువ్వు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. తర్వాత లేచి, ఆరూ వెలిగించి, రెగ్యులేటర్ తిప్పి వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. ఒక చోట చేతిని ఆపాను. అక్కడ కళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, అన్నీ కనపడుతున్నాయి.

నెలాఖరున ల్యాంపు రూములో లెక్క అప్పజెప్పి, క్వార్టర్ తాళం ఇచ్చేసి బయల్దేరతాను. మల్లేశన్న నడుపుతానన్నాడు, ఆయన భార్య కనకక్క కూడా వస్తానంది. బాసర, నాందేడ్, నాసిక్… నువ్వు అనుకున్న దారినే. గోదావరి పుట్టిన చోట నీ పేరు చెప్పి నీళ్ళు వదులుతాను. ఇది మాత్రం తప్పను.

ఇంకొక్కటి. లైట్ల విషయంలో నువ్వు చెప్పిందే నిజం. పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారన్నా ఒప్పుకో అని బతిమాలేవాడివి. ఒప్పుకున్నాను. విన్నావా?

నీ విజయ