చాట దించని మార్త

1997 ఫిబ్రవరి 12, బుధవారం

ఈస్టర్ ముందటి శ్రమ దినాలు మొదలయ్యాయి. పాస్టరు అయ్యగారికి ఈ ఏడు మూడు సంఘాలు. బోధన్‌కు ఆదివారం తప్ప రాలేరు. బుధ, శుక్రవారాల ఇంటి కూడికల్లో వాక్యం నన్ను చెప్పమన్నారు. పది నిమిషాలు మించొద్దు టీచరమ్మా, ఆడోళ్ళకు పనులుంటయి అన్నారు. నాకు ఐదు చాలు. యాభై నాలుగేళ్ళలో ఎక్కువ మాట్లాడి బాగుపడింది లేదు.

ఈరోజు యోవేలు రెండో అధ్యాయం. బట్టలు కాదు, గుండె చింపుకోమన్న చోటు. బట్ట చిరిగితే మనమే కుట్టుకుంటాం. గుండె మన చేతికి అందదు. ఇంకొకరి చేత కుట్టించుకోవాలి. అంతే చెప్పాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాధాబాయి ఇంట్లో కూడిక. సంఘంలో అందరికంటే పెద్దది, డెబ్బై దాటింది. సగం ప్రార్థన మరాఠీలో చేస్తుంది. విత్తువాని ఉపమానం చెప్పాను. రాళ్ళ మీద, ముళ్ళల్ల పోసెటోడు ఏం రైతమ్మా, చూసి చల్లరాదా అన్నది. అందరూ నవ్వారు. నేను నోట్‌బుక్ మూసి చివరి ప్రార్థన చేశాను.

ఫిబ్రవరి 19, బుధవారం

చెల్లె గంగమణి ఇంట్లో కూడిక. లూకా పది. మార్త, మరియ. ప్రభువు ఇంటికొస్తే మార్త పనుల్లో తిరిగింది, ఆమె చెల్లె మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింది, ఆయన మరియనే మెచ్చుకున్నాడు.

ఇరవై మంది దాకా వచ్చారు. గంగమణి గోడకు ఆనుకుని, ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని కూర్చుంది. పాట పాడుతూ చుట్టింది. ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా చుట్టింది. నాకు గుచ్చుకుంది. సొంత చెల్లెలు, సొంత ఇల్లు, నేను వాక్యం చెబుతుంటే.

చివర్లో రాసుకోని మాట ఒకటి అన్నాను. ప్రభువు ఇంటికొచ్చినా ఒళ్ళోంచి చాట దించని మార్తలు మన బోధన్‌లోనూ ఉన్నారు, అని.

అందరూ అటు చూశారు. గంగమణి చాట దించింది. లోపలికి పోయి చాయ్ పెట్టింది. అందరికీ ఇచ్చింది, నాకూ ఇచ్చింది.

వాక్యం తగిలింది. మంచిదే.

ఫిబ్రవరి 21

గంగమణి కూడికకు రాలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆరాధనకూ రాలేదు. జ్వరమేమో.

ఫిబ్రవరి 24, సాయంత్రం 7

స్కూలు కాగానే వెళ్ళాను. జ్వరం లేదు. గడపలో కూర్చుని చుట్టుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. మంచినీళ్ళిచ్చింది. మళ్ళీ చాట తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలాగా నా ఎదుట కూర్చుంది. తడి గోనెలో బీడీ చుట్టే తునికాకు కట్ట అలాగే ఉంది.

చుట్టుకో అన్నాను. వద్దు టీచరమ్మా, దేవుని మనిషి ఇంటికొస్తే చాట దించాలె గద అన్నది.

గంగమణి పెనిమిటి ముత్తన్న మంచం మీద నుంచి లేచి బయటకు పోయాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఈసారి చెరకు తొందరగా అయిపోయింది. సీజన్ మనుషులను ఇంటికి పంపారట. నాకు ఇప్పుడే తెలిసింది.

ఆదివారం వస్తావా అని అడిగాను. రాను అన్నది. ఈస్టర్ సంస్కారానికి గూడ రాను, కడుపుల ఇంత కోపం పెట్టుకొని బల్లకాడికి ఎట్ల వస్త, అమ్మ ఏం చెప్పింది మనకు, అన్నది.

అమ్మ చెప్పింది నిజమే. మనసులో పగ ఉంచుకుని రొట్టె, రసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు పోవద్దని. గంగమణి దాన్ని ఒక్కసారీ తప్పలేదు. ఈస్టర్ బల్లకు రాకుండా ఒక్క ఏడాదీ లేదు.

ఫిబ్రవరి 27

తమ్ముడు చిన్నయ్య నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు, ఏమన్నవక్కా దాన్ని?

చెప్పాను. చెప్పులు విప్పి గోడవార పెట్టాడు. తర్వాత అన్నాడు: అమ్మ పోయినంక నువ్వు హాస్టల్‌కు పోతివి. నీకు సబ్బు ఎవరు పంపిండ్రు? తలకు నూనె ఎవరు పంపిండ్రు? తొమ్మిదేండ్ల పొల్ల చిన్నమ్మ పక్కన కూసొని చుట్టింది. నువ్వు యేసయ్య పాదాలకాడ కూసున్నవు, నిజమే. కింద చాపెవరేసిండ్రు?

ఇంకా అన్నాడు: నానబెట్టిన ఆకు రేపటిదాక ఉంటదా? ఎండితే పగులుతది, కార్ఖానోడు తీసి పారేస్తడు. బీడీలోళ్ళ ఇంట్ల పుట్టినవు, గింత మర్చినవా?

మర్చిపోలేదు. మాట అనేటప్పుడు గుర్తు రాలేదు. మర్చిపోవడం కంటే అది పెద్ద తప్పు.

అన్నం తినకుండా పోతానన్నాడు. తినే పోయాడు.

మార్చి 3, తెల్లవారి 5

లూకా పది మళ్ళీ చదివాను. మార్త ఆయనను తన ఇంట చేర్చుకుందని ఉంది. తన ఇంట. ఆ ఇల్లు మార్తది. తలుపు తీసింది మార్త. ముప్పై ఏళ్ళుగా సండే స్కూలు పిల్లలకు ఈ భాగం చెబుతున్నాను. ఆ మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

మార్చి 5, బుధవారం

ఈరోజు అందరి ముందూ నా తప్పు చెప్పేద్దామనుకున్నాను. ధైర్యం చాలలేదు. కీర్తన ఒకటి చదివి ముగించాను. బాగుంది టీచరమ్మా అన్నారు.

మార్చి 7, శుక్రవారం

శ్యామలమ్మ ఇంట్లో కూడిక. గంగమణి రాలేదు, వస్తుందనీ అనుకోలేదు. యోహాను పన్నెండు చదివాను. బేతనియలో మళ్ళీ విందు. చనిపోయి లేచిన మార్త తమ్ముడు లాజరు కూర్చున్నాడు. మరియ అత్తరు పోసింది. మార్త? మార్త వడ్డిస్తోంది. మళ్ళీ అదే పని. ఈసారి ప్రభువు ఆమెను ఏమీ అనలేదు. ఆమె మారలేదు, ఆయన కాదనలేదు, ఆమె పెట్టింది తిన్నాడు. మొదటిసారి కూడా ఆయన పని మానమనలేదేమో. మార్తా, మార్తా అని పేరు రెండుసార్లు పిలిచాడు. రెండుసార్లు పిలిచేది ప్రేమ ఉన్నవాళ్ళనే. నేను నా చెల్లెను పేరు పెట్టి కూడా పిలవలేదు. పదిమందిలో వేలు పెట్టి చూపించాను.

ఇదంతా అక్కడే చెప్పాను. నేను బడిలో కూర్చున్నది గంగమణి చాట మీద అనీ, తడి ఆకు ఆగదనీ, నాకు తెలిసీ అన్నాననీ.  పది నిమిషాలు మించింది.

అందరికంటే ముందు రాధాబాయే అన్నది, మార్త లేకుంటే యేసయ్య ఆ దినం ఉపాసమే ఉంటుండె, ఎనక శిష్యులంతమంది, అందరు కూసొని వింటే బువ్వెవరు వండాలె, అని. నవ్వాలో వద్దో తెలియక శ్యామలమ్మ దగ్గింది. తర్వాత అందరూ నవ్వారు. నేనూ.

మార్చి 8

గంగమణి దగ్గరకు వెళ్ళాను. రాధాబాయి పొద్దున్నే వచ్చి అంతా చెప్పి పోయిందట.

గాళ్ళ ముంగట చెప్పినవు, నాకు చెప్పినవా? అన్నది.

నిజమే. చెప్పాను. తప్పైంది చెల్లె, నీ చేతుల మీద చదివి నీ చేతులనే తప్పు పట్టిన, అని. ఇంట్లో భాషే వచ్చింది నోటికి.

కత్తెర ఆపలేదు. ఆకు కత్తిరిస్తూనే ఉంది. ఆ కట్ట అయ్యాక, చూస్త అన్నది.

నేను ఒక ఆకు తీసుకుని తంబాకు పోసి చుట్టాను. నలభై ఏళ్ళ తర్వాత. పది చుట్టాను. ఒక్కొక్కటీ పట్టి చూసి ఏడు విప్పేసింది. ఇవి తాగితే కార్ఖాన సేటు మీసం కాలుతది అన్నది. నవ్వలేదు. ముత్తన్న నవ్వాడు.

మార్చి 14

రోజూ స్కూలు కాగానే పోతున్నాను. చుట్టడం నాకు రాదని తేలింది. దారం కడుతున్నాను, ఇరవై ఐదింటికి ఒక కట్ట. ఈరోజు పాత అలవాటుగా బ్యాగులోంచి బైబిల్ తీశాను. తీసి, మళ్ళీ పెట్టేశాను. అది చూసింది. చదువు, చెవులు ఖాళీగనే ఉన్నయి గద అన్నది.

రూతు మొదటి అధ్యాయం చదివాను, అత్తను విడిచి పోనన్న కోడలి కథ. వివరించలేదు.

మార్చి 23, మట్టల ఆదివారం

రాలేదు. ముత్తన్న ఒక్కడే వచ్చి వెనక నిలబడ్డాడు.

సంస్కారానికి వస్తావా అని నేను అడగడం లేదు. అడిగితే నా కోసం వస్తుంది. అలా రావద్దు. ఆమె రాకుంటే నేనూ బల్ల దగ్గరకు పోను. ఇది పంతం కాదు. అమ్మ చెప్పిన మాట నాకూ వర్తిస్తుంది. తప్పు నాది, ఆమె ఇంకా క్షమించలేదు. అయ్యగారితో చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, ప్రార్థన చేస్త అన్నారు.

మార్చి 28, గుడ్ ఫ్రైడే

సిలువ మీది ఏడు మాటల్లో నాకు అయిదోది ఇచ్చారు. దాహం.

దాహమన్న మనిషికి నీళ్ళిచ్చే చెయ్యి కావాలి, వివరం చెప్పే నోరు కాదు. ఇంతే చెప్పి కూర్చున్నాను. అయ్యగారు ఇంకా ఉందనుకుని నా వైపు చూశారు.

గంగమణి లేదు.

మార్చి 29, శనివారం

రేపు తెల్లవారి ఆరాధన సమాధుల తోటలోనే. ఎవరి సమాధులకు వాళ్ళు ఈరోజు సున్నం వేయాలి. పొద్దున ఏడింటికి బకెట్ పట్టుకుని అమ్మ దగ్గరకు పోయాను. సున్నం నీళ్ళల్లో వేసి కలుపుతుంటే ఉండలు కట్టింది. చెయ్యి పెట్టి నలుపుతున్నాను, మండుతోంది.

వెనక అడుగుల చప్పుడు. గంగమణి. చేతిలో కొబ్బరిపీచు కుంచె.

జరుగక్కా అన్నది. నీకు వాక్యం కలుపుడొస్తది, సున్నం కలుపుడు రాదు. ఇన్ని నీళ్ళు ఎవరు పొయ్యమన్నరు?

జరిగాను. మోచేతుల దాకా ముంచి కలిపింది. తల వైపు ఆమె వేసింది, కాళ్ళ వైపు నేను. మధ్యలో ఒకచోట ఇద్దరం వేశాం, అక్కడ మందమైంది. అమ్మకు చలి పెట్టది తియ్ అన్నది.

పోయేటప్పుడు, రేపు ఎన్నింటికి? అని అడిగింది. అయిదింటికి అన్నాను.

మార్చి 30, ఈస్టర్

బల్ల దగ్గర గంగమణి నా పక్కన మోకరించింది. ఇద్దరి చేతులకూ సున్నం పోలేదు. అలాగే చాచాం. ఇద్దరికీ రొట్టె పెట్టారు.