దొడ్డి దాటిన పక్షులు

క్లన్ లోయ,
సెప్టెంబరు, ఆదివారం

గెథిన్‌కి,

ఇక్కడ నేనూ, మీ అమ్మా, కుక్కా ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అందరికంటే కులాసాగా ఉన్నది వాన. నీ సంగతి రాస్తావనుకుంటే నువ్వు పెంచే చేపల సంగతి రెండు పేజీలు రాశావు. ఫారో దీవుల్లో సాల్మన్లకి పేలు పడితే నాకేం గానీ, నీ దగ్గు తగ్గిందా? ఆ తడిబట్టలు ఒంటిమీదే ఆరబెట్టుకునే అలవాటు మానావా?

నువ్వడిగినవాటికి జవాబులు. పైకప్పు మీద జారిపోయిన పలకలు నేనే ఎక్కి సర్దాను. మీ అమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, నేను పడిపోతే ఎస్టేటు దొర దగ్గర ఎలా మాట్లాడాలో నాకు వినబడేలా సాధన చేసింది. ఆవిడ మోకాలు అలాగే ఉంది. నాలుక మాత్రం భేషుగ్గా ఉంది. మొన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే, "చేపలకి మేత వెయ్యడానికి అంత దూరం పోవాలా వీడు? మన ఏట్లో చేపలు తిండి మానేశాయా?" అంది. తరవాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. కుక్క ముసలిదైపోతోంది. నీ పాత కోటు మీద తప్ప పడుకోదు. నేనూ దాన్ని లేపడం మానేశాను.

గద్దని కాల్చే లైసెన్సు వచ్చిందా అని అడిగావు. కాస్త ఆగు, అక్కడికే వస్తున్నా.

ఈ ఏడు వేటకని పెంచిన ఫెజంట్ పక్షి పిల్లలు చక్కగా ఎదిగాయి. ఇద్దరం చేసే పని ఒక్కదాన్నే చేశాను కాబట్టి దొడ్డి వల బిగించేసరికి చేతులు బొబ్బలెక్కాయి. ఆగస్టు మధ్యలో తలుపులు తీశాను. మెల్లిగా బయటికొచ్చి, బీచ్ చెట్ల తోపులో కొమ్మలు మరిగి, రాత్రుళ్ళు అక్కడే పడుకోవడం మొదలుపెట్టాయి. పొద్దున్నే నేనూ కుక్కా హద్దు వెంట తిరిగి, పక్క ఎస్టేటు మొక్కజొన్న చేలోకి దూరినవాటిని ఇటు తోలుకొస్తాం. దొరకనివి దొరకనట్టే. అవి ఇక వాళ్ళవి కూడా కావు, ఎవరివీ కావు.

సాయంత్రం గోధుమలు చల్లేటప్పుడు నీ ఈల వేస్తాను. నువ్వు నేర్పినట్టే, చివర కాస్త సాగదీసి. పొదల్లోంచి తలలు వంచుకుని పరుగెత్తుకొస్తాయి. ఆ వేళే నువ్వు బాగా గుర్తొస్తావు. ఈల వేసి, పక్షుల వైపు కాకుండా బాట వైపు చూస్తూ ఉండిపోతాను ఒక్కోసారి. నవ్వుకుంటే నవ్వుకో. మంచం మీద నీ వైపు దుప్పటి కూడా సర్ది పడుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. హానమ్ దొర జూలైలో ఏమన్నాడో నీకు రాశాను కదా. గద్ద రోజూ పిల్లల్ని ఎత్తుకుపోతోంది, దాన్ని వదిలించుకుంటే వేట సీజను గట్టెక్కుతుంది, గట్టెక్కితే గెథిన్‌ని మళ్ళీ పనిలోకి పిలుస్తాను అన్నాడు. అది పట్టుకునే నేను నీకు ప్రతి ఉత్తరంలోనూ వచ్చెయ్, వచ్చెయ్ అని రాశాను. కాకులంటే వేరు గానీ, గద్ద మీద తుపాకీ ఎత్తాలంటే విడిగా అనుమతి కావాలని నీకు తెలుసు. ఆ అనుమతులిచ్చే ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసి వెళ్ళాలి. వాళ్ళు వస్తామన్న కబురు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పక్షులన్నీ చెట్ల మీద ఉన్నాయి.

కబురు అందిన రోజే దొర దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"ఈల వెయ్యి టెగ్వెన్. నీ మాట వింటాయిగా. లోపలికి రాగానే తలుపులు మూసెయ్."

"బయట తిరిగినవి ఇంక లోపలుండవు దొరా. చెట్టు మరిగాయి."

"ఎన్నాళ్ళుంచమంటున్నా? ఆ ఆఫీసు అమ్మాయి రేపు వచ్చి చూసి పోయేదాకా. లోపలుంటే అవి కోడీ గొర్రె లాగా పెంపుడు జీవాలు, నా సొత్తు. వాటిని కాపాడుకోడానికి అనుమతి ఇస్తారు. బయటుంటే అడవి పక్షులు. అడవి పక్షిని గద్ద తింటే అడగడానికి నేనెవర్ని? ఈ చట్టం నేను రాసింది కాదుగా."

"అబద్ధమవుతుంది కదా."

"నీ మొగుడు ఇంటికి రావాలా, అక్కర్లేదా?"

సాయంత్రం ఈల వేశాను. అన్నీ కాకపోయినా చాలామటుకు వచ్చాయి. నా కాళ్ళ మధ్య నుంచే లోపలికి నడిచాయి గెథిన్, ఒక్కటీ అనుమానపడలేదు. తలుపులన్నీ మూసి ఇంటికొచ్చి, నీకిష్టమని లీకు ఉల్లికాడలూ బంగాళాదుంపలూ వేసి సూపు కాచాను. నువ్వు వచ్చేస్తున్నావన్నంత సంబరంగా తిన్నాను.

తెల్లారి వెళ్ళి చూస్తే దొడ్డిలో అవి నిలవడం లేదు. వల వెంబడి అటూ ఇటూ పరుగులు. ఎగరడం, పై వలకి తల కొట్టుకుని పడడం, మళ్ళీ ఎగరడం. కొన్నిటి నుదుటి మీద తోలు లేచిపోయింది. ఒక పుంజు వల కంతలో మెడ ఇరికి వేలాడుతోంది. దాన్ని విడదీసి చేతుల్లోకి తీసుకునేసరికి ప్రాణం పోయింది. గద్ద నెల రోజుల్లో చేసిన నష్టం నేను ఒక్క పూటలో చేశాను. అదీ నీ ఈలతో.

ఆ పొద్దున్నే వచ్చిన ఆఫీసు అమ్మాయి పేరు కెరిస్. మనిషి నెమ్మది. దొడ్డి చుట్టూ నడిచి వచ్చి, "ఇవి ఎప్పట్నుంచి లోపలున్నాయి?" అని అడిగింది.

"అసలు వదల్లేదమ్మా ఇంకా," అన్నాడు దొర.

ఆమె పక్షుల నుదుళ్ళు చూసింది, నన్ను చూసింది. "చూసుకునేది మీరే కదా, మీరు చెప్పండి," అంది.

చెప్పేశాను. ఇన్నాళ్ళూ తోపులోనే ఉన్నాయి, నిన్న నేనే పిలిచి మూశాను అన్నాను. దొర మొహం అటు తిప్పుకున్నాడు.

"అయితే ఇవి అడవి పక్షులేనండి. అనుమతి ఇవ్వలేం. నిజం చెప్పారు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నా. తలుపులు తీసెయ్యండి ముందు," అని, వచ్చే ఏడాదికి పిల్లలు గద్ద కంటపడకుండా దొడ్డిలో పొదలు చిక్కగా పెంచమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె కారు మలుపు తిరగగానే, నేను తలుపులు తీస్తుంటే దొర, "మొగుడి నోటికాడి కూడు లాగేశావు," అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు, జాలిపడినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇదీ సంగతి. నీకు ఇక్కడ పని లేదు. పోగొట్టింది నేనే.

కోపం వస్తే రానీ. కానీ ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రాత్రి నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. అనుమతి వస్తే వస్తానన్నావు. దొర పిలిస్తే వస్తానన్నావు. రావాలని ఉందని మాత్రం ఎక్కడా రాయలేదు. ఏప్రిల్లో ఒకచోట, "ఇక్కడ ఎవరికీ టోపీ తీసి వంగక్కర్లేదు, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంటున్నా," అని రాశావు. ఆ ముక్క అప్పుడే చదివాను. చదవనట్టు మడిచి పెట్టేశాను. నాకు నువ్వు కావాలి కాబట్టి, నీకు ఏం కావాలో అడగకుండా పిలుస్తూ కూర్చున్నాను.

దొరకి చెప్పేశాను. ఈ సీజను పక్షుల్ని చూసుకుంటాను, ఫిబ్రవరిలో వేట ముగిశాక పని మానేస్తాను. మానేస్తే దొర ఇచ్చిన ఈ ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. మీ అమ్మ మీ చెల్లెలి దగ్గరికి వెళ్తానంది. "వాడి కోసం ఎదురుచూసి చూసి నీ మొహం ఎండిపోతోంది, పోవే, పోయి వాడినే అడుగు," అంది. ఆవిడ నాతో అంత మెత్తగా మాట్లాడడం ఇదే మొదలు.

అడుగుతున్నాను. నీ గది ఇరుకని రాశావు, మంచం ఒక్కరికే సరిపోతుందని రాశావు. నేను సర్దుకుంటాను. చేపల పని నేర్చుకుంటాను. ఆ చలికీ, ఆ భాషకీ అలవాటు పడతాను. కానీ నువ్వు పిలవకుండా పడవ ఎక్కే ధైర్యం నాకు లేదు. ఇన్ని ఉత్తరాల్లో నువ్వు ఆ మాట ఒక్కసారీ రాయలేదు. నేను భయపడి అడగలేదు.

రమ్మను గెథిన్.

ఇట్లు,
నీ పిలుపు కోసం చూస్తూ,
నీ భార్య
టెగ్వెన్