బెరడు కింద

ప్రియమైన నీకు,

ముందుగా నా రాత చూసి నవ్వకు. ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలు, అవీ ఇన్నేళ్ళుగా వాడక తుప్పు పట్టాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. అమ్మాయి చేత మాత్రం పైకి చదివించకు. 'ప్రియమైన' అని రాయడానికే పొద్దున సగం పోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి నీకు ఉత్తరం రాసే అవసరం పడలేదు. పక్క కొట్టు ఫోన్లో మాట్లాడదామంటే కొట్టువాడు చెవులు రిక్కించుకుని వింటాడు, నాకు నోరు పెగలదు.

అమ్మాయికి పాప పుట్టిందని కబురు అందింది. చాలా సంతోషం. అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో. నేను బాగానే ఉన్నాను. వంట చేసుకుంటున్నాను. గిన్నె ఒకటి మాడింది. ఏ గిన్నో నువ్వు వచ్చాక చూద్దువుగాని.

పని గురించి ఎలాగూ అడుగుతావు. యజమాని కొత్త అచ్చు కావాలన్నాడు. గుడ్డల మీద అద్దడానికి నేను చెక్కినవన్నీ పాతబడ్డాయట. మొన్న బీరువాలోంచి పాత గుడ్డలు తీసి బల్ల మీద వరసగా పరిచాడు. అన్నీ నా అచ్చులతో అద్దినవే. ఆకులు వేరు, తీగలు వేరు, అంచులు వేరు. పువ్వు మాత్రం ఒకటే. "పెద్దాయనా, ఇన్నాళ్ళూ మీరు ఒకే పువ్వు చెక్కారు" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

అప్పటి నుంచి చెక్క ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. పెన్సిలు ఆనిస్తే చేయి ఆ పువ్వు వైపే పోతుంది. అటు పోనివ్వకపోతే ఎటూ పోదు. సాయంత్రానికి చెక్క ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, దుమ్ము తుడిచి లోపల పెట్టేస్తాను. అచ్చులు అద్దేవాడు, మనం నత్త అని పిలుచుకునేవాడు, ఇంకా అంతే నిదానం. చెక్కని అచ్చు అద్దడం తనకూ హాయిగానే ఉందంటాడు. నవ్వించాలని అంటాడు. నేనూ నవ్వుతాను.

నువ్వు దీని గురించి బెంగ పెట్టుకోకు.

ఇట్లు,
నీ ఆయన

*

ఏవండీ,

ఉత్తరం అందింది. మొదటి మాట చదవగానే ఇది మా ఇంటాయన రాసిందేనా అని కవరు తిప్పి చూసుకున్నాను. నాన్న ఏం రాశారమ్మా అని అమ్మాయి అడిగితే గిన్నె మాడిందట అని చెప్పి దాచేశాను.

అమ్మాయి కోలుకుంది. పాప ఇంకా ఎవరినీ చూడటం లేదు. గోడ మీద ఎండ పడితే చాలు, అదేదో మహా వింత అయినట్టు కళ్ళు విప్పుకుని దాన్నే చూస్తూ పడుకుంటుంది. మేమందరం ఒకరి మీద ఒకరు పడి పాపను చూస్తున్నాం. తనేమో గోడను చూస్తోంది.

బెంగ పెట్టుకోవద్దని రాస్తే ఆగుతుందా? ఆ పువ్వు సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఎందుకు చెప్పలేదంటారా, నాకు ఆ పువ్వంటే ఇష్టం. ఇప్పుడు దాని మూలంగా మీరు ఇలా నలిగిపోతుంటే వినలేను. అల్లుడుగారు కూడా మామయ్యగారు చేసిన చాకిరీ చాలు, ఇక్కడే ఉండిపోమనండి అంటున్నారు. ముందు గదిలో మంచం వేయిస్తారట. రాని పని ముందు కూర్చుని మనసు పాడుచేసుకోవడం దేనికి? వచ్చేయండి.

మీ రాక కోసం చూస్తూ,
మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పని మానేస్తున్నానని యజమానికి చెప్పాను. ఆయన నేల చూస్తూ సరేనన్నాడు.

ఉలులకు నూనె రాసి గుడ్డలో చుట్టాను. చుడుతుంటే, పోయిన మనిషికి చేస్తున్నట్టు అనిపించింది. ఇలాంటివి రాయకూడదు. కొట్టేద్దామంటే కాగితం పాడవుతుంది.

శనివారం పొద్దున రైలుకు టికెట్టు తీసుకున్నాను. సాయంత్రానికి అక్కడ దిగుతాను. అల్లుడుగారిని శ్రమ పెట్టొద్దు, నేనే అడుగుతూ వస్తాను. ఇంక నాకు ఏ పనీ లేదు కాబట్టి పాపను ఎత్తుకోవడం నేర్పించు.

ఇట్లు,
నీ ఆయన

*

ఏమండీ,

శనివారం సాయంత్రం నేనూ అల్లుడుగారూ స్టేషనుకు వెళ్ళాం. శ్రమ పెట్టొద్దన్నారని ఊరుకుంటామా. చివరి పెట్టె ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం. దిగిన ప్రతి ముసలాయన మొహంలోకీ తొంగి చూశాను. ఒకాయన నన్ను తిట్టాడు కూడా.

ఇంటికి రాగానే అక్కడ మన పక్క కొట్టుకు ఫోను చేయించాను. పెద్దాయన కార్ఖానాలో ఉన్నాడు, బానే ఉన్నాడు అన్నాడు కొట్టువాడు. రైల్లో కదా ఉండాలి అంటే, నాకేం తెలుసమ్మా, ఆయన సంచీ కూడా అక్కడే ఉంది అని పెట్టేశాడు.

మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. అమ్మాయి ఊరికే దాని ముడతలు సర్దుతోంది. మీ ప్రాణానికి ఏమీ కాలేదని తెలిసింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కోపం తెచ్చుకుంటున్నాను. ఎందుకు రాలేదో రాయండి. ముక్తసరిగా కాదు, మొత్తం రాయండి.

మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

నాదే తప్పు. మొత్తం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. చేయి నొప్పి పుడితే ఆపి, తెల్లారి మళ్ళీ రాస్తాను. మధ్యలో అక్షరాలు మారితే కారణం అదే.

శనివారం సంచీ భుజాన వేసుకునే బయల్దేరాను. కార్ఖానా తాళంచెవి ఇచ్చేసి పోదామని దారిలో ఆగాను. యజమాని ఇంకా రాలేదు. రైలుకు టైముంది కదా అని పెరట్లో దుంగల మీద కూర్చున్నాను. అవి పురుగు పట్టిన దుంగలు. పురుగు కనిపించిందంటే అచ్చుకు పనికిరాదని పక్కన పడేస్తాం, కట్టెలవాడు వచ్చి పట్టుకుపోతాడు. పనిలో చేరినప్పటి నుంచి ఎన్ని అలా పడేశానో. ఒక్కదాన్నీ తిప్పి చూసింది లేదు. పురుగు తిన్నదాన్ని ఏం చూస్తాం.

చేయి ఆనించిన చోట బెరడు ఊడి వచ్చింది. దాని కింద చెక్కడం ఉంది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. మధ్యలో ఒక గీత, జానెడు పొడుగు, తిన్నగా. దాని రెండు పక్కల నుంచీ సన్నని గీతలు బయల్దేరాయి. మొదట్లో వెంట్రుకంత ఉంటాయి. పోనుపోను లావవుతూ, వంపు తిరుగుతూ పోతాయి. పక్కపక్కనే, మధ్యలో గోరు కూడా పట్టనంత సందు. అయినా ఒకటీ ఇంకోదాన్ని తగల్లేదు. పక్కదాని దగ్గరికి వచ్చిన చోట కాస్త ఒరిగి, మళ్ళీ తన దారిన తను పోయింది. ఒక్కొక్కదాని వెంటే వేలు పోనిచ్చి చూశాను. నా ఉలి అంత ఇరుకులో తిరగదు. నాకు పని నేర్పిన గురువుగారి ఉలి కూడా తిరగదు.

నేను లేచి నిలబడ్డాను. పెద్దవాళ్ళు ఎదురైతే లేస్తాం చూడు, అలా లేచాను. సంచీ కింద పడింది.

ఇంతలో కట్టెలవాడు వచ్చాడు. ఇదేమిటని అడిగాను. నన్ను అదోలా చూసి, పురుగండీ అన్నాడు. పురుగని తెలుసు, ఎలా చేసిందని అడిగాను. అప్పుడు బెరడు చేతిలోకి తీసుకుని చెప్పాడు.

"మధ్య దారి తల్లిదండీ. పోతూ పోతూ రెండు పక్కలా గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు తినుకుంటూ పోతారు. ఒళ్ళు పెరిగే కొద్దీ దారీ పెరుగుతుంది. చివర్న బొక్క చేసుకుని ఎగిరిపోతారు."

"చీకట్లోనా?"

"బెరడు కింద వెలుతురెక్కడిదండీ."

బెరడు అతని చేతిలోంచి తీసుకున్నాను. ముందు బొమ్మ గీసి ఇచ్చినవాళ్ళు లేరు. బాగుంది, బాగాలేదు అనేవాళ్ళు లేరు. అసలు చూసేవాళ్ళే లేరు. ఇంత పని చేసి పెట్టి వెళ్ళిపోయాయి. మనం పొయ్యిలో పెట్టుకున్నాం.

ఆ దుంగ ఇవ్వనన్నాను. కట్టెలవాడు నవ్వి మిగతా వాటి మీద చేయి వేశాడు. అవీ ఇవ్వనన్నాను. అప్పుడు నవ్వలేదు.

రైలు కూత ఇక్కడిదాకా వినిపించిందని నత్త తర్వాత చెప్పాడు. నాకు వినపడలేదు. అప్పటికి ఉలులు విప్పుకుని కూర్చున్నాను.

మొదటిది పాడయింది. బెరడు లోపలి వైపూ అదే చెక్కడం ఉంది, అది చూసి చెక్క మీద ఉన్నదున్నట్టు గీసుకుని చెక్కాను. అన్నీ సరిగ్గా వచ్చాయి, ప్రాణం లేదు. దువ్వెనలా ఉంది. దాన్ని అవతల పెట్టి ఇంకో చెక్క తీశాను. ఈసారి పెన్సిలు ముట్టుకోలేదు. గీసుకోకుండా ఉలి పెట్టడం నాకు ఇదే మొదలు. మధ్య దారి ఒకటి తీశాను. దాని పక్క నుంచి ఒక గీత మొదలుపెట్టి, చోటు ఎటుందో చూసుకుంటూ పోయాను. అది ఆగిన చోట ఆగి, రెండోది మొదలుపెట్టాను. మొదటిది ఎటు వంగిందో చూస్తే గాని రెండోది ఎటు పోవాలో తెలియదు. మూడోదానికి ఆ రెండూ చెప్పాయి. నేను చెక్కుతున్నానా, నా ముందు అది నడుస్తుంటే వెనక పోతున్నానా అన్నది తెలియలేదు. నీకు నవ్వొస్తుందేమో. ఆ పువ్వు రాలేదు. దాన్ని ఆపాల్సిన పని కూడా పడలేదు, గుర్తుకే రాలేదు.

యజమాని శనివారం ఇక రానేలేదు, ఆదివారం సెలవు, సోమవారం వచ్చి చూశాడు. నేను ఊళ్ళోనే ఉన్నానని అప్పటిదాకా ఆయనకు తెలియదు. అచ్చు చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"ఇది ఏ పువ్వు?" అన్నాడు.

"పువ్వు కాదండీ" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని చూశాడు. నా సంగతి తెలుసుగా. బెరడు తెచ్చి పక్కన పెట్టాను. చాలాసేపు రెండూ చూశాడు. తర్వాత నత్తను పిలిచి అద్దమన్నాడు. నత్త రంగులో ముంచి ఒకటి అద్దాడు, దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. తల్లి దారులు ఒకదానితో ఒకటి కలిసి గుడ్డ పొడుగునా ఒకటే దారి అయింది. దాని రెండు పక్కలా ఎన్ని దారులో. గుడ్డ అయిపోయింది గాని అవి ఆగినట్టు లేదు. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. నత్త చేతికి రంగు ఎండిపోతున్నా కడుక్కోలేదు. యజమాని తాళంచెవి అడగలేదు. రేపు వస్తారుగా అని మాత్రం అన్నాడు. వస్తానన్నాను.

పాపను చూడాలని ఉంది. తప్పకుండా వస్తాను. ఉండిపోవడానికి మాత్రం రాను. అల్లుడుగారికి కష్టం కలగకుండా నువ్వే చెప్పు, నాకు చెప్పడం రాదు. పెరట్లో దుంగలు ఇంకా ఉన్నాయి. రోజుకు ఒక్క బెరడే ఎత్తి చూస్తున్నాను. ఎత్తే ముందు భయంగా ఉంటుంది, గుడి తలుపు నేను తీస్తున్నట్టు. ఏ రెండూ ఒకలా లేవు. పాపకు ఒళ్ళు గట్టిపడ్డాక నువ్వూ రా. రాస్తే సరిపోదు, చూపించాలి.

అద్దిన గుడ్డలో ముక్క ఒకటి ఇందులో మడిచి పెడుతున్నాను. ముందు ఏమీ అనకుండా కాసేపు చూడు. తర్వాత తిట్టు. ఎన్ని తిట్లయినా సరే, ఆలస్యం చేయకుండా రాసి పంపు.

ఇట్లు,
నీ ఆయన