ఇంటి మీద పేరు

అనకాపల్లి,
నవంబరు 12, 2006

ఆనందకుమార్ గారికి,

ఫోనులో అడగబోతే మీరు మాట దాటేశారు. అందుకే రాస్తున్నాను. మన పెళ్లికి ముందే కొనబోయే ఫ్లాటు మీ ఒక్కరి పేరునే ఉండాలని, ఇంటి లోను వడ్డీకి గవర్నమెంటు ఇచ్చే టాక్సు మినహాయింపు పెద్ద జీతానికే కలిసొస్తుందని అత్తయ్యగారు అన్నారట. నర్సునే అయినా నా జీతంలోనూ టాక్సు కోస్తున్నారు. బ్యాంకులో కనుక్కున్నాను. ఇద్దరి పేర్ల మీదా కొని, ఇద్దరం లోను కడితే మినహాయింపు ఇద్దరికీ వస్తుంది.

మీకు ఇంతవరకు చెప్పనిది ఒకటుంది. పోయిన వేసవిలో నేను ఇల్లు మారింది నీళ్లు లేక కాదు. ఇంటావిడ కాసులమ్మ గారు మంచిదే, జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది. ఒక ఆదివారం అమ్మానాన్నా వస్తే ప్రార్థన చేసుకున్నాం. సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటనుకోకమ్మా, ఈ పాటలూ పార్థనలూ మా ఇంట్లో కుదరవు. వేరే ఇల్లు సూసుకో" అంది. నేను తల వంచుకుని సరేనన్నాను. ఆ సరే ఇంకా గుచ్చుతోంది. ఇకమీదట ఎవరింట్లోనూ, మీ ఇంట్లోనైనా సరే, అలా తల వంచను. కాగితాల మీద నా పేరుండాలి. మీకు ఇష్టం లేకపోతే చిన్నదైనా నేనొక్కదాన్నే కొంటాను.

జవాబు కోసం చూస్తూ,
సువార్త

అనకాపల్లి,
డిసెంబరు 20, 2006

ప్రియమైన ఆనంద్ గారూ,

నిన్న రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మీరు పరవాడలోని మీ కంపెనీ బస్సు కోసం పరుగెత్తారు. చెప్పాల్సింది నాలోనే ఉండిపోయింది.

మీ నుంచి జవాబు రాకపోయేసరికి పెళ్లి ఆగిపోతుందని అమ్మ ఏడ్చింది. అయినా ఒక్క పడగ్గది ఫ్లాటుకు నా పేరునే లోను తీసుకున్నాను. పెళ్లయ్యాక భర్తగారి పేరు కలుపుతారా అని బ్యాంకాయన అడిగితే, లేదన్నాను.

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షిగా నాన్న ఉన్నారు. రెండో సాక్షిగా వస్తానన్న మా ఆసుపత్రి నర్సు డ్యూటీలో చిక్కుకుంది. అంతలో, కబురు ఎవరు చెప్పారో, కంపెనీ యూనిఫాంతోనే మీరు మెట్లెక్కి వచ్చారు. గొడవకే అనుకుని గట్టిగా నిలబడ్డాను. మీరు నాన్న చేతిలోంచి పెన్ను తీసుకుని, "మా అమ్మకి సెప్పీసేను. ఇల్లు నీ పేరునే ఉండనీ. సాక్షి సంతకం నేనెడతాను" అన్నారు.

ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదో ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను, వదలను. పెళ్లి తేదీ మార్చొద్దని పాస్టరు గారికి మాత్రం చెప్పేశాను. కవరులో రెండో తాళంచెవి ఉంది. వంటగదిలో కుళాయి కారుతోంది. ఆదివారం రెంచి పట్టుకుని రండి.

మీ
సువార్త