కారే కప్పు కింద ఆరాధన

ఆదివారం రాత్రి.

రెండు నెలలుగా వాన కోసం ప్రార్థిస్తున్నాం. ఈ రోజు ఆరాధన మధ్యలో కురిసింది, చర్చి లోపల కూడా. కోశాధికారిని కాబట్టి అందరూ నన్నే చూశారు.

"ఏమప్పా, కప్పు బాగుచేయించకుండా ఏం చేస్తాండావు?" అన్నాడు సంఘపెద్ద దావీదన్న. కప్పుకని దాచిన డబ్బుతో గేటుకు ఆర్చి కట్టించిందే ఆయన!

ఒళ్లు మండిపోయింది. నేను జవాబు చెప్పేలోపే, వేరుశనగ విత్తి వాన కోసం కాచుకున్న మరియమ్మవ్వ తడిసిన కొంగు పిండుకుంటూ, "కారితే కారనీలే నాయనా, మా చేన్లో గూడా పడతాండాది గదా!" అని నవ్వింది.

అందరూ ఆమెన్ అన్నారు. కప్పు మాట అక్కడితో సరి. బకెట్లు పెట్టి, బల్లలు జరిపింది నేనొక్కడినే.

దావీదన్న మీద కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఆర్చి తీర్మానం మీద నోరు మూసుకొని సంతకం పెట్టింది నేనే కదా...