ఉమ్లజ్‌లో కనిపించిన మనిషి

హాయిల్,
12-3-2003

వదినా,

నమస్కారం. ఈ ఉత్తరం శ్రీలతతో చదివించకు. ఇంకెవరైనా పెద్దవాళ్ళతో చదివించుకో.

మా అరబ్బు సేటు తోట టమాటాలను సముద్రం ఒడ్డు ఊళ్ళకు చేర్చే బండి ఈ మధ్య నాకిచ్చారు. నాలుగు రోజుల తిరుగుడు. ఇక్కడి ఖైబర్ దగ్గర గంటల తరబడి నల్లరాళ్ళే. కొలిమిలోంచి తీసిన చిట్టెం కుప్పలు పోసినట్టుంటాయి. ఒకప్పుడు కొండలు కక్కిన నిప్పు పారి అలా గడ్డకట్టిందట. గడ్డిపోచ కూడా మొలవదు. అల్-ఉలా దాటి కిందికి దిగితే ఉన్నట్టుండి సముద్రం.

ఈ బండి నేను అడిగి తీసుకున్నాను, అన్న కోసం. ఏడేళ్ళ కిందట ఉత్తరాలు ఆగిపోయినప్పుడు నర్సింలన్న ఆ ఒడ్డునే ఏదో ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు కదా. ప్రతి ఊళ్ళో మీ పెళ్ళి ఫోటో చూపించి అడిగాను. అల్ వజ్‌ చేపల బజారులో ఒక బెంగాలీ "యే తో ఉమ్లజ్ మే హై" అన్నాడు.

ఉన్నాడు వదినా. పడవల పక్కన కూర్చుని, దారం కొస పళ్ళతో పట్టుకుని వల బాగుచేస్తున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు. ఐసు మిషన్‌లో పోయిందట. పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటికి పంపేస్తానంటే ఆస్పత్రి నుంచే పారిపోయాడు. అప్పటి నుంచి ఈ దేశంలో ఉండనిచ్చే అకామా కాగితం లేదు. ఒక ముసలి జాలరి నీడన బతుకుతున్నాడు.

"ఇంటికెందుకు రాయలేదన్నా?" అన్నాను.

"ఏమని రాయాలె? గోడలు కట్టేటోన్ని. ఒంటి చేత్తోని ఏం కడ్త? గౌరవ్వ మీద పడి తినుడేనా? చచ్చిపోయిండని చెప్పురా. నీకు దండం పెడ్త."

దండం పెట్టబోయి ఆగిపోయాడు.

సరేనని వచ్చేశాను. మూడు వారాలు కలం పట్టలేదు. చివరికి నిజమే రాశాను. అన్నకిచ్చిన మాట తప్పాను.

నీ మరిది,
కుమార్


ధర్పల్లి,
2-4-2003

తమ్మీ కుమార్,

నేను చెప్తున్న, శ్రీలత రాస్తుంది. నీ ఉత్తరం గూడ బిడ్డతోనే చదివించిన. తండ్రి సంగతి బిడ్డకు కాకపోతే ఇంకెవరికి తెల్వాలె? అది ఏడ్సింది. నాకు కోపమొచ్చింది. ఏడేండ్ల సంది ఊరంత బొట్టు తియ్యమన్నది. పెద్దమనుషులు కూసోబెట్టి చెప్పిన్రు. తియ్యలే. ఇప్పుడు ఆయనే తియ్యమంటుండా? గోడలు కట్టకుంటే మనుషులు బతుకరా? చచ్చిపోయిన మాట నీతోని చెప్పి పంపుడు కాదు, తన చేతితోనే రాయమను. అప్పుడు తీస్త.

గౌరవ్వ


ఉమ్లజ్,
9-5-2003

గౌరవ్వకు,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, శ్రీలతను మెల్లగా చదవమను.

నువ్వు చెప్పింది కుమార్ చదివి వినిపించాడు. చచ్చిపోయానని రాద్దామనే కాగితం తీసుకున్నాను. నీ పేరు రాసేసరికే పొద్దు గూకింది. ఆ తర్వాతి మాటకు చెయ్యి రాలేదు. బిడ్డ దస్తూరి ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. నేను వచ్చేనాటికి అది పలక మీద గీతలు గీసేది.

రేపు కుమార్ బండిలో యన్బూ వెళ్ళి పోలీసులకు లొంగిపోతాను. కొన్నాళ్ళు జైల్లో ఉంచి ఇంటికి పంపేస్తారట. ముసలాయన ఉండిపొమ్మన్నాడు. ఉండనన్నాను. ఊళ్ళో ఏం పని చేస్తానో నాకింకా తెలియదు. నువ్వే చెప్పాలి.

దీనికి జవాబు రాయించకు. అది వచ్చేసరికి నేనిక్కడ ఉండను.

నీ,
నర్సింలు